జాన్ డ్యూయీ

పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న దినములలో, అమెరికా దేశమందలి చికాగో నగరమున ఒక ఆచార్యుడు పాఠశాల సామగ్రి అమ్ము అంగళ్ళ వెంట తిరుగుచుండెను. పిల్లలు కూర్చుండుటకు తగిన బల్లలు ఆయనకు కావలెను. అంగళ్ళలో బల్లలకు కొదువ లేదు. ఒకే కొలతకు చేసి, ఒకదాని వెనుక నొకటి వరుసగా నిలుపుటకు వీలైన బల్లలు రాశులుగా పడియుండెను. కాని వానిలో ఒక్కటియు ఆయనకు నచ్చలేదు. తుదకు వర్తకులలో కొంచెము తెలివిగల వాడొకడు ఆయన కోరికలోని మర్మమును గ్రహించెను. పిల్లలు పని చేసికొనుటకు అనువైన బల్లలను ఆయన అడుగుచున్నాడనియు, తన కొట్టులో ఉన్నవన్నియు పిల్లలు ఊరక కూర్చుండి వినుటకు చేసినవనియు ఆ వర్తకుడు చెప్పెను.

ఆ ఆచార్యుడే జాన్ డ్యూయీ. వర్తకుని మాట ఆయన మనస్సులో నాటుకొనెను. కొన్ని సంవత్సరముల పిమ్మట ఒక ఉపన్యాసములో ఆయన ఈ వృత్తాంతమును చెప్పి, నాటి పాఠశాలల తీరంతయు ఆ బల్లలలోనే కనబడుచున్నదని వివరించెను. ఉపాధ్యాయుడు చెప్పవలెను, పిల్లలు వినవలెను, విన్నదానిని మరల ఒప్పగింపవలెను. ప్రశ్న లడుగు అధికారము ఉపాధ్యాయునిదే. ఆ ప్రశ్నలకు ఉత్తరములు ఆయన చేతిలోని పుస్తకములో ముందే ఉండును. ఈ పద్ధతిని తలక్రిందులు చేయవలెనని డ్యూయీ సంకల్పించెను.

ఆయన 1859వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన వెర్మాంట్ రాష్ట్రమందలి బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆర్చిబాల్డ్ డ్యూయీ పచారి సరకుల వ్యాపారి. తల్లి పేరు లుసీనా. ఈ శిశువు పుట్టుటకు తొమ్మిది నెలల ముందు ఆ దంపతుల పెద్ద కుమారుడు ప్రమాదవశమున కాలిన గాయములతో మరణించెను. ఆ బిడ్డ పేరును జాన్ అనియే. పోయిన వాని పేరు పుట్టిన వానికి పెట్టి తల్లిదండ్రులు దుఃఖమును దిగమ్రింగిరి.

బాల్యమున డ్యూయీ మిక్కిలి బిడియస్థుడు. పుస్తకములన్న ప్రీతి గలవాడే కాని, పాఠశాలలోని చదువు ఆయన మనస్సును అంతగా ఆకర్షింపలేదు. సోదరునితో కలిసి ఇంటింటికి వార్తాపత్రికలు పంచెను. కెనడా నుండి వచ్చు కలప దూలములను లెక్కించు పని చేసి కొంత డబ్బు సంపాదించెను. సెలవులలో బంధువుల పొలములకు పోయి అచటి పనులు చూచుచుండెను. తాను నేర్చుకొన్న దానిలో ముఖ్యమైన భాగము తరగతి గది వెలుపలనే లభించినదని ఆయన పెద్దవాడైన పిమ్మట తలంచెను. పైకి చిన్న విషయముగా తోచినను, ఆయన జీవితకార్యమునకు విత్తనము ఇందే ఉన్నది.

1879లో వెర్మాంట్ విశ్వవిద్యాలయమున పట్టము పుచ్చుకొని, పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఆయిల్ సిటీ అను ఊర ఉన్నత పాఠశాలలో రెండు సంవత్సరములు ఉపాధ్యాయుడుగా ఉండెను. పిమ్మట స్వరాష్ట్రమునకు వచ్చి షార్లెట్ అను గ్రామములో కొంతకాలము బడి చెప్పెను. మహోపాధ్యాయుడని లోకము కీర్తించిన ఈయన ఆ గ్రామములో ఏమంత పేరు సంపాదింపలేదు. పిల్లలు అల్లరి చేయుచుండిరి. వారిని అదుపులో పెట్టుట ఈ మెత్తని మనిషికి సాధ్యపడలేదు. ప్రతిదినము ఆయన చేసిన దీర్ఘమైన ప్రార్థనయు, పిల్లల అల్లరియు ఒక శిష్యునికి ఏండ్లు గడిచిన పిమ్మటను జ్ఞాపకముండెనట. తరగతి నడుపుటలోని కష్టమును పుస్తకముల వలన గాక తన అనుభవము వలననే తెలిసికొన్నవాడు డ్యూయీ.

పై చదువు చదువవలెనను కోరికతో ఆయన పినతల్లి వద్ద ఐదు వందల డాలర్లు అప్పు తీసికొని, 1882లో బాల్టిమోరు నగరమందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున చేరెను. 1884లో తత్త్వశాస్త్రమున డాక్టరు పట్టము పొంది, మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. అచటనే ఆలిస్ చిప్మన్ అను విద్యార్థినితో పరిచయము కలిగి, 1886లో ఆమెను వివాహమాడెను. ఆలిస్ అంతకు ముందే పల్లెటూళ్ళ బడులలో పాఠములు చెప్పిన ధీరురాలు. గ్రంథములలోని తత్త్వమును వీధిలోని మనుష్యుల బ్రతుకునకు అన్వయించి చూచుట డ్యూయీకి ఆమె సహవాసము వలననే అలవడినదని చెప్పుదురు. వారికి పిల్లలు కలిగిరి. ఆ పిల్లలు నడచుట, మాటలాడుట, వస్తువులను పట్టి చూచుట, ఇది ఏమి, అది ఏల అని విసుగు లేక అడుగుట, ఇవన్నియు ఆ తండ్రికి నిత్యపరిశీలన విషయము లయ్యెను. నాలుగేండ్ల పిల్లవాడు దినమునకు వంద ప్రశ్నలడుగును. బడిలో చేరి నాలుగేండ్లు గడిచిన పిమ్మట వాడే నోరు మెదపడు. ఈ మార్పునకు కారణమేమి? డ్యూయీని చిరకాలము వేధించిన చింత ఇది.

1894లో చికాగో విశ్వవిద్యాలయము ఆయనను తత్త్వశాస్త్ర శాఖకు అధిపతిగా పిలిచెను. మనస్తత్త్వశాస్త్రమును, విద్యాశాస్త్రమును ఆ శాఖలోనివే. రసాయనశాస్త్రము బోధించువారికి ప్రయోగశాల ఉన్నది. మఱి విద్యాశాస్త్రము బోధించువారికి ప్రయోగశాల ఎచట? బడియే వారి ప్రయోగశాల కావలెనని డ్యూయీ వాదించెను. 1896 జనవరిలో ఒక సామాన్యమైన ఇంటిలో 16 మంది పిల్లలతో, ఇద్దరు ఉపాధ్యాయులతో ఆ బడి ప్రారంభమయ్యెను. ధనము చాలక, చోటు చాలక ఆ బడి ఒక ఇంటి నుండి మఱియొక ఇంటికి మాఱుచు వచ్చెను. ఐనను ఏటేట పిల్లలు పెరిగిరి. 1902 నాటికి ఆ సంఖ్య 140 అయ్యెను.

ఆ బడిలో పాఠ్యపుస్తకముతో పాఠము మొదలుకాదు. పనితో మొదలగును. పనిలో చిక్కు వచ్చును. చిక్కులో నుండి ప్రశ్న పుట్టును. ఆ ప్రశ్నయే పిల్లలను చరిత్రకో, గణితమునకో, ప్రకృతిశాస్త్రమునకో చేయి పట్టుకొని తీసికొని పోవును. ఇది ఎట్లు జరిగెనో ఒక ఉదాహరణమున చూడవచ్చును.

ఒక తరగతి పిల్లలకు వస్త్రములు తయారగు విధమును తెలిసికొను పని ఇచ్చిరి. వారి ముందు అవిసె మొక్కను, కాయలతో కూడిన పత్తి మొక్కను, గొఱ్ఱె మేని నుండి కత్తిరించినది కత్తిరించినట్లుగా ఉన్న ఉన్నిని ఉంచిరి. పిల్లలు వానిని ముట్టి చూచిరి, లాగి చూచిరి, పురిపెట్టి చూచిరి. వారికొక సందేహము కలిగెను. తమ పూర్వులు బహుకాలము ఉన్ని బట్టలే ధరించిరి. నూలు బట్టలు తరువాత ఎన్నటికో వాడుకలోనికి వచ్చెను. ఉన్ని కావలెనన్న గొఱ్ఱెలను పెంచవలెను. పత్తి పొలములో పండును. అట్లయ్యు పత్తి వెనుకబడుటకు కారణమేమి?

ఉపాధ్యాయురాలు ఈ ప్రశ్నకు ఒక్క వాక్యములో ఉత్తరము చెప్పగలిగియుండును. పిల్లలు దానిని వ్రాసికొని, వల్లె వేసి, పరీక్షలో ఒప్పగించియు ఉందురు. ఆమె అట్లు చేయలేదు. పత్తికాయలను పిల్లల చేతికిచ్చి గింజలు తీయుడని చెప్పెను. వారు తల వంచుకొని పనికి పూనుకొనిరి. పత్తి గింజను ఎఱిగినవారికి దాని పట్టు తెలియును. దూది గింజ నంటి విడువదు. గట్టిగా లాగినచో తెగివచ్చును. అరగంట గడిచెను. పిల్లల వ్రేళ్ళు నొచ్చెను. వచ్చిన దూదినంతయు ఒకచోట చేర్చి తూచిరి. అది ఒక ఔన్సు, అనగా 28 గ్రాములు, కూడ లేదు! ఒక మనిషి దినమంతయు కష్టించి చేతితో గింజ తీసినను ఒక పౌను దూది మాత్రమే వచ్చునని చెప్పినపుడు వారు ఆ మాటను సులభముగా నమ్మిరి. తమ పూర్వులు ఉన్ని బట్టలు కట్టుటకు కారణము వారి వ్రేళ్ళకే తెలిసెను.

మన దేశములో ఈ ప్రశ్న ఇట్లు పుట్టదు. సింధు నదీతీరమందలి మొహెంజొదారో ప్రజలు నాలుగు వేల ఏండ్లకు పూర్వమే పత్తినూలు వాడిరి. రెండు ఉరుళ్ళ నడుమ పత్తిని నలిపి గింజను వెలికి నెట్టు చేతియంత్రమును మన పూర్వులు ఏనాడో కల్పించుకొనిరి. అమెరికాలో పండు పత్తిజాతికి తగిన యంత్రమును 1793లో ఏలీ విట్నీ అనునతడు నిర్మించెను. దానితో నూలు చవుక అయ్యెను; పత్తి చేలు విస్తరించెను; ఆ చేలలో పనిచేయుటకు బానిసలుగా నిలుపబడిన నీగ్రోజాతి ప్రజల కష్టము తగ్గుటకు మారుగా పెరిగెను. చేతిలోని ఒక గింజను గూర్చిన ప్రశ్న ఎంత దూరము పోగలదో దీనివలన తెలియుచున్నది.

చికాగో పిల్లలు అంతటితో ఆగలేదు. ఉన్నికిని పత్తికిని పోగులలో భేదమేమని మఱియొక ప్రశ్న లేచెను. పోల్చి చూడగా ఉన్ని పోగు పొడవుగాను గరుకుగాను ఉండి, ఒకటి నొకటి పట్టుకొనుననియు, పత్తి పోగు పొట్టిగాను నునుపుగాను ఉండి జారిపోవుననియు కనుగొనిరి. కావుననే ఉన్నిని వడకుట సులభము. ఐనను మురికిపట్టి చిక్కుపడిన ఉన్నిని దువ్వుట ఎట్లు? రెండు పలకలకు సూదులు గ్రుచ్చి వారే ఒక దువ్వెన చేసికొనిరి. నూలు తీయుట ఎట్లు? రంధ్రముగల రాయిని వ్రేలాడదీసి త్రిప్పి చూచిరి. పిదప నేల మీద బొంగరమును త్రిప్పి దానికి దారము చుట్టిరి. ఆ మీదట రాట్నము, దాని తరువాత మగ్గము వచ్చెను. మానవజాతి వేల సంవత్సరములలో నడచిన దారిని ఆ పిల్లలు ఒక్క ఏడాదిలో నడచిరనవచ్చును. పత్తి పండు దేశములెవ్వి, అచటి నేల ఎట్టిది, వాన ఎంత, సరకు ఓడలలో ఏ రేవునకు చేరును, యంత్రములు వచ్చిన పిమ్మట సాలెల బ్రతుకు ఏమయ్యెను, ఇట్టి ప్రశ్నలన్నియు ఆ దారిలో ఎదురుపడినవే.

ఈ సందర్భమున ఒక విశేషము కలదు. నూలు పరిశ్రమ ఆలస్యముగా వృద్ధిపొందుటకు గింజ తీయుటలోని కష్టము కారణమన్న సంగతి డ్యూయీకి అంతకు ముందు తెలియదు. పిల్లలు చెప్పగా ఆయన తెలిసికొనెను. ఈ విషయమును ఆయన దాచలేదు. పెద్దల సభలో బహిరంగముగా ఒప్పుకొనెను. ఉపాధ్యాయునికి తెలియని ఉత్తరమును శిష్యులు తెచ్చి ఇచ్చుట ఆయనకు చిన్నతనముగా తోచలేదు.

వంటయింటిలోను ఇట్లే జరిగెను. ఆ బడిలో పిల్లలు వారమున కొకనాడు తామే వండి వడ్డించుకొనుచుండిరి. కొలతలు, తూనికలు, భిన్నములు గల లెక్కలు అచటనే వచ్చెను. ఒకమారు గ్రుడ్లు ఉడికింపవలసివచ్చినపుడు, పుస్తకములో వ్రాసిన విధమున చేసినచో చాలును గదా యని ఒక విద్యార్థి తలంచెను. అట్లేల చేయవలెనో తెలిసికొనక చేయుటలో లాభమేమని ఉపాధ్యాయురాలు ఆ ఆలోచనను మఱియొక దారికి త్రిప్పెను. నీటిని కొద్దికొద్దిగా కాచి, గోరువెచ్చగా ఉన్నపుడు, ఆవిరి లేచునపుడు, తెర్లునపుడు గ్రుడ్డులోని తెల్లసొన ఎట్లు మాఱుచున్నదో పిల్లలు పరీక్షించిరి. వంట నేర్చుకొనుటకు పోయి వారు రసాయనశాస్త్రపు గుమ్మములో అడుగుపెట్టిరి.

పదమూడేండ్ల వయస్సుగల పెద్ద పిల్లలకు వేఱొక చిక్కు వచ్చెను. వారికి ఒక చర్చాసంఘము, ఒక ఛాయాచిత్ర సంఘము ఉండెను. కాని నిరాటంకముగా కూడుకొనుటకు చోటు లేదు. మనమే ఒక చిన్న ఇల్లు కట్టుకొనలేమా యని వారిలో వారికి ప్రశ్న పుట్టెను. పిల్లల మాట గదా యని పెద్దలు నవ్వి త్రోసివేయలేదు. స్థలమెచట? వ్యయమెంత? గాలియు వెలుతురును వచ్చుటకు కిటికీలు ఏ దిక్కున ఉండవలెను? మురుగునీరు పోవుట ఎట్లు? ఇట్టి విషయములను విచారించుటకు వారు సంఘములుగా ఏర్పడి పని పంచుకొనిరి. పటములు గీసిరి, ఖర్చు అంచనా కట్టిరి, తెలిసినవారి సలహా లడిగిరి. పని తమ శక్తికి మించినదని కొంతకాలమునకు వారికి తెలిసెను. అపుడు బడిలోని తక్కిన తరగతులను సాయము పిలిచిరి. తమకు మాత్రమే అనుకొన్న ఇల్లు అందరి ఇల్లయ్యెను. లెక్కలు తప్పినచో ఉపాధ్యాయుడు కోపించునని కాక, గోడ వంకరపోవునని భయపడి సరిచూచుకొనుట అచట వారు నేర్చుకొన్న పాఠములలో ఒకటి.

ఇట్టి బోధన ఉపాధ్యాయునికి సులభమని తలంపరాదు. పిల్లలడిగిన ప్రతి ప్రశ్నయు మంచిదే యని డ్యూయీ ఎన్నడును అనలేదు. కొన్ని ప్రశ్నలు క్షణికమైన వేడుక వలన పుట్టి ఆరిపోవును. కొన్నింటికి ఒక్క మాటతో ఉత్తరము దొరకును. కొన్ని మాత్రమే పిల్లలను వారముల తరబడి పనిలో నిలిపి, ఒకదాని నుండి మఱియొక ప్రశ్నకు నడిపించును. అట్టి ప్రశ్న పుట్టుటకు అనువైన పనిని ముందుగా ఎన్నుకొనుట, అది పుట్టినపుడు గుర్తించుట, ఉత్తరము నాలుక చివర నున్నను పిల్లలు వెదకుచున్నంత సేపు పెదవి కదపకుండుట, వారు నిజముగా దారి తప్పినపుడు మాత్రము చేయూత ఇచ్చుట - ఇవి ఉపాధ్యాయుని పనులు. పత్తి తెచ్చి పిల్లల ముందుంచినది ఉపాధ్యాయురాలే గాని పిల్లలు కాదు. ఏ కాయలో ఏ ప్రశ్న దాగియున్నదో ఆమె ముందుగా ఎఱిగియుండవలెను. అందుచేత ఆ బడి ఉపాధ్యాయులు వారము వారము సమావేశమై తమ తరగతులలో జరిగిన దానిని చర్చించుకొనుచుండిరి. డ్యూయీ ఆ సమావేశములలో పాల్గొనుచుండెను.

శంకించినవారును లేకపోలేదు. చేతిపనులతో ప్రొద్దుపుచ్చుచున్న పిల్లలకు చదువను వ్రాయను ఎపుడు వచ్చునని కొందఱు కలతపడిరి. ఆ ఆందోళన తల్లిదండ్రులకు సహజమైనదే. 1899 ఏప్రిలులో డ్యూయీ తల్లిదండ్రులను, మిత్రులను కూర్చి మూడు ఉపన్యాసము లిచ్చి తన ఆశయమును వివరించెను. ఆ ఉపన్యాసములే ఆ ఏడు పాఠశాల, సంఘము అను అర్థము గల పేరుతో గ్రంథముగా వెలువడెను. బల్లల కథయు, పత్తి కథయు అందులోనివే.

ఆ బడి అట్లే సాగియుండిన ఏమయ్యెడిదో! 1903లో అది విశ్వవిద్యాలయములో చేరిన మఱియొక బడితో కలుపబడెను. అప్పటికి ఆలిస్ డ్యూయీ ప్రధానోపాధ్యాయినిగా ఉండెను. ఆమె నియామకము ఒక్క సంవత్సరమునకేనని విశ్వవిద్యాలయాధ్యక్షుడు భావించెను. డ్యూయీ దంపతులు అట్లు తలంచలేదు. ఆ విషయము ముందుగా స్పష్టపడకుండుటచే మనస్పర్థలు పెరిగెను. 1904లో ఇద్దఱును ఉద్యోగములు విడిచిరి. ఏడెనిమిది సంవత్సరములు చెమటోడ్చి పెంచిన బడి చేయి జారిపోయెను. ఆ దుఃఖము చాలదన్నట్లు, ఆ సంవత్సరమే ఐరోపా యాత్రలో వారి ఎనిమిదేండ్ల కుమారుడు గార్డన్ విషజ్వరముతో ఐర్లండులో మరణించెను. 1895లో మారిస్ అను పసిబిడ్డను వారు ఇటలీ దేశమున కోల్పోయియుండిరి. రెండవ పుత్రశోకము ఆ తల్లిని క్రుంగదీసెను. ఆ యాత్రలోనే ఇటలీలో సబీనో అను బాలుని వారు చేరదీసి కన్నకొడుకువలె పెంచుకొనిరి. చికాగోలోని ఆ బడి మాత్రము నేటికిని ఆ విశ్వవిద్యాలయము క్రింద నడచుచున్నది.

అటు తరువాత డ్యూయీ న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి, 1930లో విశ్రాంతి తీసికొనువరకు అచటనే బోధించెను. తానుగా మఱియొక బడి నడపలేదు. గ్రంథములు వ్రాసెను. మనము ఆలోచించు విధమును గూర్చి 1910లో వ్రాసిన గ్రంథములో, నిజమైన ఆలోచన చిక్కు ఎదురైనపుడే మొదలగునని ఆయన నిరూపించెను. ముందు చిక్కు తోచును, దాని స్వరూపమును నిర్ణయించుకొందుము, ఉపాయము నూహింతుము, ఆ ఉపాయము వలన ఏమి జరుగునో తర్కించి చూతుము, తుదకు చేసి పరీక్షింతుము. ఇది శాస్త్రజ్ఞునికిని, దారి తప్పిన బాటసారికిని, అరగంట సేపు పత్తిగింజలు తీసిన పిల్లలకును సమానమే. ప్రజాస్వామ్యమునకును విద్యకును గల సంబంధమును గూర్చిన మహాగ్రంథము 1916లో వెలువడెను.

కొలంబియాలో ఆయన శిష్యుడును, సహచరుడును అయిన విలియం కిల్పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతిని గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. అది దేశదేశములకు ప్రాకెను. ప్రాజెక్టు అను మాట ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో మంత్రమువలె మ్రోగెను. మంత్రములకు పట్టు గతియే దానికిని కొన్నిచోట్ల పట్టినది. ప్రశ్న లేని పని బయలుదేరెను. అట్టలు కత్తిరించుట, బొమ్మలు అతికించుట, గోడకు తగిలించుట జరుగుచుండెను. ఏల చేయుచున్నామో చేసిన పిల్లలకు తెలియదు. 1931లో ఒక ఉపన్యాసమున డ్యూయీ దీనిని నిస్సంకోచముగా విమర్శించెను. ప్రాజెక్టులని చెప్పబడువానిలో పెక్కు అల్పకాలములో ముగియు అల్పమైన పనులనియు, క్రొత్త ప్రశ్నలను లేపి క్రొత్త జ్ఞానమునకు దారితీయనిది విద్య అనిపించుకొనదనియు ఆయన హెచ్చరించెను. పిల్లలను వారి ఇష్టమునకు విడిచి ఉపాధ్యాయుడు చేతులు కట్టుకొని నిలుచుటయే నూతన విద్య అనుకొన్నవారిని 1938లో వెలువడిన చిన్న పుస్తకమున మందలించెను. అప్పటికి ఆయన వయస్సు 78 సంవత్సరములు. తన పేరు చెప్పుకొని జరుగు తప్పును తానే ఖండించుట సామాన్యులకు సాధ్యము కాదు.

ఇరువదవ శతాబ్దపు చివరి దశకములో అమెరికాలోని విద్యాశాస్త్రజ్ఞులు కొందఱు ప్రాజెక్టుకు ప్రాణమైన ఇట్టి ప్రశ్నకు నడిపించు ప్రశ్న అని అర్థమిచ్చు పేరును వాడుకకు తెచ్చిరి. వారిలో మిషిగన్ విశ్వవిద్యాలయము వారు ముఖ్యులు. డ్యూయీ తొలుత ఆచార్యుడుగా ఉన్న విశ్వవిద్యాలయము అదియే. ఆ పేరును ఆయన వినలేదు. ఆ వస్తువును మాత్రము బాగుగా ఎఱుగును.

విచిత్రమేమనగా, ఇంతటివాడు ఉపన్యాసకుడుగా ఆకర్షకుడు కాడు. తరగతిలోనికి వచ్చి కూర్చుండి, నలిగిన కాగితములను చేత పట్టుకొని, కిటికీలో నుండి బయటికి చూచుచు, మెల్లమెల్లగా, ఒక్కొక్క మాట వెదకుకొనుచు మాటలాడును. క్రొత్తగా వచ్చినవారికి నిద్ర వచ్చును. కాని శ్రద్ధతో వ్రాసికొన్నవారు ఇంటికి పోయి చదువుకొన్నపుడు, ఒక మహామేధావి తమ యెదుట కూర్చుండి నిజముగా ఆలోచించెనని గ్రహించి ఆశ్చర్యపడుచుండిరి. ఆయన ఉత్తరము చెప్పుటకు వచ్చినవాడు కాడు. ప్రశ్నతో పెనగులాడుటకు వచ్చినవాడు.

అట్లు వ్రాసికొన్న విద్యార్థులలో భారతదేశము నుండి వచ్చిన యువకుడొకడు ఉండెను. అతడు భీమరావు రాంజీ అంబేడ్కరు. బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనముతో 1913లో కొలంబియాలో చేరి, 1916 వరకు అచట చదివెను. స్వదేశములో బడిలో తక్కిన పిల్లలతో కలిసి కూర్చుండుటకు నోచుకొనని ఆ యువకునికి, ఆచారము పాతదైనంత మాత్రమున సరియైనది కాదనియు, దానిని ప్రశ్నించి పరీక్షింపవలెననియు చెప్పు గురువు దొరకెను. ఆ గురువు ప్రభావము అంబేడ్కరు రచనలలో పెక్కుచోట్ల కనబడును.

డ్యూయీ 1919 నుండి 1921 వరకు చైనాలో సంచరించి ఉపన్యాసములిచ్చెను. అచటి ప్రసిద్ధ విద్వాంసుడు హూ షీ ఆయన శిష్యుడే. టర్కీ, మెక్సికో, రష్యా దేశములలోని బడులను స్వయముగా చూచి వచ్చెను. 1927లో ఆలిస్ మరణించెను. ఆ తరువాత పాతికేండ్ల పాటు ఆయన జీవించి, తొంబదేండ్లు దాటిన వయస్సులోను కలము విడువలేదు.

1952వ సంవత్సరమున కొలంబియా విశ్వవిద్యాలయము భారత రాజ్యాంగ రచనలో ప్రధానపాత్ర వహించిన అంబేడ్కరునకు గౌరవ డాక్టరు పట్టము ఇచ్చుటకు నిశ్చయించెను. జూన్ 5వ తేదీన ఆ ఉత్సవము. ముప్పదియాఱు సంవత్సరముల క్రిందట తాను విడిచిన నగరమునకు అంబేడ్కరు విమానమున బయలుదేరెను. తన మేధాజీవితమంతయు ఆయనకే ఋణపడి యున్నదని తాను తలంచిన వృద్ధ గురువును మరల చూడవచ్చునని మిక్కిలి ఆశపడెను. జూన్ 1వ తేదీన డ్యూయీ న్యూయార్కులో 92 సంవత్సరముల వయస్సున కన్ను మూసెను. ఆ వార్త తెలియునప్పటికి అంబేడ్కరు ఇంకను దారిలోనే ఉండెను.